పటంలోని చూపు

చిత్రపటానికి కదలిక లేదు; కదలిక లేనిదే చలనచిత్రానికి ప్రాణం లేదు. ఈ రెండింటినీ ఒకచోట చేర్చి, పది నిమిషాలలో ప్రేక్షకునికి భయం కలిగించడం సాధ్యమేనా? గత వేసవి సెలవులలో రఘునాథపల్లిలోని మా ఇంట్లో నేనూ, ఇద్దరు మిత్రులూ ఒక లఘుచిత్రం తీయబూనినప్పుడు మా ముందు నిలిచిన ప్రశ్న ఇది. మేము అనుకున్న కథ స్వల్పమైనది: ఒక పాత ఇల్లు, గోడ మీద ఒక పటం, ఆ పటాన్ని ఆవహించిన ఒక ఆత్మ.

ఇటువంటి కథలు మనకు కొత్త కావు. 2010లో వచ్చిన 'నాగవల్లి'లో ఒక నర్తకి నిలువెత్తు చిత్రపటం ఇంటికి చేరడంతోనే ఆ ఇంట అలజడి మొదలవుతుంది. ఆస్కార్ వైల్డ్ నవల ఆధారంగా 1945లో హాలీవుడ్‌లో తీసిన 'ది పిక్చర్ ఆఫ్ డోరియన్ గ్రే'లో నాయకుని పాపాలన్నీ పటం మీదికి చేరుతాయి. అతని ముఖం మాత్రం యౌవనంతో మెరుస్తూనే ఉంటుంది. నలుపు తెలుపుల ఆ చిత్రంలో పటాన్ని చూపిన కొన్ని క్షణాలకు మాత్రమే రంగులద్దారు. ఫ్రెంచి దర్శకుడు అలెన్ రెనే 1948లో తీసిన 'వాన్ గో' అనే లఘుచిత్రం భయానకం కాదు గాని, మాకు ఎక్కువ నేర్పింది అదే. అందులో నటులు లేరు. కెమెరా ఆ చిత్రకారుని బొమ్మల మీదనే నడుస్తూ అతని జీవితాన్ని చెబుతుంది. బొమ్మ కదలనక్కరలేదు, చూపు కదిలితే చాలునని మాకు బోధపడింది.

అంత దూరం పోవడమెందుకు? 2016లో జిల్లాలు విడిపోయే వరకు మనతోపాటు వరంగల్ జిల్లాలోనే ఉన్న చేర్యాలలో నకాషీ చిత్రకారులున్నారు. ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపిన పూత పూసి, ఎర్రని నేపథ్యం మీద వారు కథలను వరుసగా చిత్రిస్తారు. కథకుడు ఆ పటాన్ని విప్పుకుంటూ కులపురాణం వినిపించేవాడు. కదలని బొమ్మకు అతని గొంతే కదలిక.

అటువంటి పటమొకటి తెచ్చి గోడకు తగిలించాలనుకున్నాము. కాని ఆ గది మా దాదీమా నమాజు చేసుకునే గది. ప్రాణుల బొమ్మలు అక్కడ ఉండకూడదని ఆమె ఖండితంగా చెప్పారు. ఆమె మాట జవదాటలేక, చట్రానికి తెల్లని గుడ్డ మాత్రం బిగించి తగిలించాము. ఆ సాయంత్రం దాదీమా దానివంక చాలాసేపు చూసి, "బేటా, ఇందులో ఎవరున్నారు?" అని అడిగారు. ఎవరూ లేరన్నాను. "మీ దాదా ఫోటో ఒక్కటైనా తీయించలేదు. ఈమధ్య ఆయన ముఖం సరిగా జ్ఞాపకం రావడం లేదు" అన్నారామె.

మా మిత్రులలో ఒకరి ఇంట తండ్రిగారి పటానికి దండ వేసి ఉంటుంది. పరీక్షకు బయలుదేరేముందు అతడు దానికి నమస్కరిస్తాడు. మా ఇంట పటం లేదు, ఫాతిహా ఉంది. రెండిళ్ళ వారూ పోయినవారిని తలచుకునేవారే. పటంలోని కళ్ళు మనలను చూస్తాయేమోనని భయపడేవారు కథలలో ఉంటారు. చూడవలసిన కళ్ళు ఇక మనసుకైనా కనిపించవేమోనన్న భయాన్ని నేను ఆనాడు దాదీమా ముఖంలో చూశాను.

మేము కథ మార్చివేశాము. ఆత్మ రాలేదు, నెత్తురు కారలేదు. తెరమీద తెల్లని గుడ్డ. దానివంక మెల్లమెల్లగా జరిగే కెమెరా. వెనుక దాదీమా స్వరం. దాదా గడ్డం, నుదుటి గాటు, నవ్వితే ముడుచుకునే కళ్ళు ఒక్కొక్కటే చెబుతూ, పెదవుల దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగిపోయారు. ఆ మౌనాన్ని మేము కత్తిరించలేదు. దూరాన కాజీపేట వైపు పోతున్న రైలు చప్పుడు మాత్రం అందులో వినిపిస్తుంది.

ఇది భయానక చిత్రమెలా అవుతుందని కొందరు మిత్రులు అడిగారు. కళాశాల కమిటీవారు వార్షికోత్సవంలో ప్రదర్శించే అవకాశం కల్పిస్తే తీర్పును ప్రేక్షకులకే వదులుతాము. ఒక్క మనవి: చూసి ఇంటికి వెళ్ళిన రాత్రి, మీ ఇంటి పెద్దలను వారి పెద్దల ముఖాలెలా ఉండేవో అడగండి; చెప్పగలిగినంతా చెప్పనివ్వండి.