సాగరు నీటిలో పరదేశి చేపలు



ఫిబ్రవరి, మార్చి నెలలలో గుంటూరు నుండి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, గురజాల మీదుగా మాచర్లకు బస్సులో వెళ్లేవారికి దారి పొడవునా రెండు రంగులు కనబడతాయి. కల్లాలలో ఆరబోసిన మిరపకాయల ఎరుపు ఒకటి, ఆఖరు తీతకు మిగిలిన ప్రత్తి తెలుపు మరొకటి. మాచర్ల దాటాక చేలు పలచబడి రాతినేల, ముళ్లకంప మొదలవుతాయి. మరికొంత దూరంలో కొండలను కోసుకొని పారిన కృష్ణానది, దానికి అడ్డంగా నాగార్జునసాగర్ ఆనకట్ట. మేము ఆ దారిన వెళ్లింది చేపల సంగతి తెలుసుకొనడానికి.

ఈ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. వాన కోసం ఆకాశం వైపు చూసిన మన మెట్ట గ్రామాలకు కుడికాలువ జీవాధారమైంది. అయితే లోయలో పరుగెత్తే నది నిలిచిన నీరుగా మారింది. పారే నీటికి అలవాటుపడిన చేపలకు ఆ మార్పు కష్టమైతే, నిలకడ నీటిని కోరే చేపలకు అది అనుకూలమైంది.

విజయపురి సౌత్ ఒడ్డున వలలు దులుపుకొంటున్న మత్స్యకారులను పలకరించాము. బొచ్చె, వాలుగ, జెల్లలతోపాటు తిలాపియా కూడా వలలో పడుతుందని చెప్పారు. తిలాపియా పుట్టిల్లు ఆఫ్రికా. బీదలకు చవకగా మాంసాహారం దొరకాలని 1952లో దానిని మన దేశానికి తెచ్చారు. తల్లిచేప గ్రుడ్లను నోటిలో దాచుకొని కాపాడుతుంది, ఏడాదిలో పలుమార్లు పిల్లలు పెడుతుంది. అందుచేత ఒకసారి చేరిన చెరువును విడిచిపోదు. గడ్డిచేప, వెండిచేప 1959లో వచ్చాయి. దోమపిల్లలను తినడానికి బావులలో, కుంటలలో వదిలే గంబూసియా అమెరికా చేప, 1928లో ఇటలీ మీదుగా వచ్చింది. దోమపిల్లలతోపాటు ఇతర చేపల గ్రుడ్లను, కప్పపిల్లలను కూడా అది తింటుంది. ఇవన్నీ మంచి ఉద్దేశంతో తెచ్చినవే.

“మన మిరప మాత్రం పరదేశిది కాదా?” అని మీరు అడగవచ్చు. నిజమే. మిరపను పోర్చుగీసువారు అమెరికా ఖండం నుండి తెచ్చారు. నేడు మనం వేసే ప్రత్తిలో అధికభాగం కూడా అమెరికా జాతిదే. కాని మిరప నాటిన సాలులోనే ఉంటుంది. వద్దనుకొంటే వచ్చే ఏడు వేయము. చేప అలా కాదు. నీరు ఎక్కడికి పోతే అక్కడికి పోతుంది. రిజర్వాయరు నుండి కాలువకు, కాలువ నుండి మేజరుకు, అక్కడినుండి ఊరి చెరువుకు. వదలడానికి ఒక్క నిమిషం చాలు, తిరిగి పట్టడానికి ఒక తరం చాలదు.

దీనికి సాక్ష్యం అమెరికాలోనే ఉంది. ఎడారి రాళ్లను కోసుకొని గ్రాండ్ కాన్యన్ అనే మహాలోయలో పారే కొలరాడో నదిపై, ఆ లోయకు ఎగువన, 1963లో గ్లెన్ కాన్యన్ ఆనకట్ట గేట్లు మూశారు. ఎర్రని ఒండ్రుతో పారిన నీరు చల్లని తేటనీరైంది. గాలపు వేటగాళ్ల కోసం తెచ్చి వదిలిన ట్రౌట్ చేపలు వృద్ధిచెందగా, ఆ నదిలోనే పుట్టి పెరిగిన, వీపున మూపురంగల హంప్‌బ్యాక్ చబ్ చేప తరిగిపోయింది. 2022లో స్మాల్‌మౌత్ బాస్ అనే మరో వేటచేప ఆనకట్ట దిగువన పిల్లలు పెట్టినట్లు కనుగొన్నారు. అంత ధనిక దేశం కూడా వాటిని పూర్తిగా ఏరివేయలేక తంటాలు పడుతున్నది. అదే దేశంలోని ఫ్లోరిడాలో, మన మార్పు చేపకు దగ్గర చుట్టమైన ఆసియా చేప 1960ల నుండి బెడదగా ఉన్నది. చేప చెడ్డదని కాదు, తన చోటు కాని చోట ఉన్నదని.

ఇప్పుడు మరో అతిథి వచ్చింది. అద్దాల తొట్టెల గోడలకు పట్టిన పాచిని తింటుందని అమ్మే దక్షిణ అమెరికా చేపకు మన మత్స్యకారుల మధ్య ‘డెవిల్ ఫిష్’ అని పేరుపడింది. ఒళ్లంతా గట్టి ముళ్లపెంకు. వలలో పడితే వల చిరుగుతుంది, కొనేవారు ఉండరు. గట్లలో బొరియలు చేసి గ్రుడ్లు పెడుతుంది. తూర్పుకనుమల జలాశయాలలో ఇది విస్తరించినట్లు హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు నీటిని పరీక్షించి కనుగొన్నారు. రోజుకూలీ వంటి సంపాదనతో బ్రతికే మత్స్యకారునికి ఒక వల చిరిగితే ఆ వారం ఇంటిలో పొయ్యి వెలగడమే కష్టం.

కాబట్టి పిల్లలు ముచ్చటపడి పెంచిన తొట్టెచేప పెద్దదైతే, జాలిపడి దానిని చెరువులో వదలనివ్వకండి. అంగడివానికే తిరిగి ఇవ్వండి. ఊరి చెరువును పాటకు తీసుకొన్నవారు చేపపిల్లలను నమ్మకమైన కేంద్రం నుండి మాత్రమే తెచ్చుకోవాలి. ప్రభుత్వం నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను తక్కువ ధరకు ఇస్తామన్నా వద్దనాలి. మన చెరువులోని నీరు మనతో ఆగదు. దిగువ ఊరివారు కూడా ఆ నీటినే త్రాగుతారు, ఆ నీటిలోనే వల వేస్తారు.