గార్డు పెట్టె

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు, అందరిలాగే హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. కానీ ఇక్కడ నేర్చుకున్న చదువు మా ఇంట్లో ఒకరోజు ఎట్లా పనికొచ్చిందో చెబితే తమ్ముళ్లకు మేలనిపించి ఇది రాస్తున్నాను.

మన ఆళ్లగడ్డకు రైలు లేదు. అందుకని ఆరో తరగతిలో నంద్యాల నుంచి వచ్చి చేరిన నేను రైలు కబుర్లు చెప్పి గొప్పలు పోయేవాణ్ణి. వాటన్నింటికీ మూలం మా నాయన చెప్పిన ఒకే కథ. మా తాత నల్లమలలో చలమ దగ్గర రైలు గ్యాంగులో కూలి. అప్పుడది మీటర్‌గేజ్ లైను. నాయనకు ఆరేడేళ్లప్పుడు చలిజ్వరం వచ్చి, పిల్లోడు దక్కడనుకున్నారట. ఆ రాత్రి ఇంక ప్యాసింజరు లేదు. ఒక గూడ్సు గార్డు దయతలచి, బండి చివరనుండే తన పెట్టెలో ఇద్దరినీ ఎక్కించుకుని నంద్యాలలో దించాడు. ఆయన పేరు కూడా మాకు తెలియదు.

నాయన బడికి పోలేదు. నంద్యాలలో పాత ఇనుము అంగడిలో గ్యాస్ కట్టింగ్ చేస్తాడు. నేను ఎం.ఏ. చరిత్రలో చేరాక, పోయిన దసరా సెలవుల్లో అన్నం క్యారియర్ ఇవ్వడానికి అక్కడికి పోయాను. అంగడి మూలన వాచ్‌మన్ పడుకునే తుప్పుపట్టిన ఇనుపగది ఒకటుంది. “సోమవారం దాన్ని కోసేస్తాం” అన్నాడు నాయన. తొంగి చూస్తే లోపల గోడకు బల్లలాంటి సీటు, రెండు పక్కలా కిటికీలు, చివర వసారా, అక్కడ నిలువు కడ్డీకి తిప్పే చక్రం. మామూలు సరుకు వ్యాగన్‌కు ఇవేవీ ఉండవు. నా గుండె ఝల్లుమంది. అది గార్డు పెట్టె. బ్రేక్‌వ్యాన్ అంటే అదే.

తమ్ముళ్లారా, ఆ చక్రం చిన్నది కాదు. ఘాట్‌లో బండి ఎత్తు ఎక్కుతుండగా మధ్యలో కొక్కెం తెగితే, వెనకబడిన వ్యాగన్లు కిందికి దొర్లిపోకుండా గార్డు దాన్ని తిప్పి బ్రేకు బిగించాలి. ఆ పెట్టె వెనక తగిలించిన గుర్తు చూస్తేనే స్టేషన్ మాస్టరుకు బండి ఎక్కడా తెగకుండా మొత్తం వచ్చిందని తెలిసేది. 2022లో గార్డు అనే పేరును ట్రైన్ మేనేజర్ అని మార్చారు.

“నాయనా, నిన్ను తెచ్చిన పెట్టె ఇదే!” అని అరిచేశాను. అంగడిలో అందరూ పని ఆపి చూశారు. నాయన మాట్లాడలేదు. లోపలికి పోయి ఒక మూలన చేయిపెట్టి, “ఈ మూలనే నన్ను పండబెట్టినారు” అన్నాడు.

మరుసటి రోజు టేపు తీసుకుని పోయాను. చక్రాలు ఎప్పుడో ఊడదీశారు కాబట్టి పట్టాల వెడల్పు కొలవడానికి లేదు. మీటర్‌గేజ్ అయితే ఒక మీటరు, బ్రాడ్‌గేజ్ అయితే 1.676 మీటర్లు ఉండాలి. అప్పుడు చివరి దూలం చూశాను. మీటర్‌గేజ్ బండికి నడిమధ్య ఒకే బఫరు, దాంట్లోనే కొక్కెం. పాతకాలం బ్రాడ్‌గేజ్‌కు చెరొక పక్కా ఒక బఫరు, మధ్యలో కొక్కెం. దీనికి రెండు పక్కలా బఫర్లు బిగించిన బోల్టు రంధ్రాలున్నాయి. అంటే బ్రాడ్‌గేజ్. మన లైను బ్రాడ్‌గేజ్ అయింది 1990లలో. నాయన ఎక్కింది అంతకు ముందే. ఇది ఆ పెట్టె కాదు.

చెప్పకుండా ఉందామనుకున్నాను. కానీ చదువుకున్నవాడు తప్పు చెప్పి దాచకూడదు కదా. చెప్పాను. నాయన కాసేపు చక్రం తిప్పుతూ నిలబడి, “అట్లయితే నన్ను తెచ్చింది ఎప్పుడో ఎవరో కోసేసుంటార్లే. దీని పేరన్నా రాసుకో” అన్నాడు.

ఇద్దరం కలిసి కొబ్బరిపీచుతో గోడ రుద్దాం. ఒక రంగు కింద ఇంకో రంగు. ఈ లైనును నడిపిన సదరన్ మరాఠా కంపెనీ 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేలో కలిసింది. 1951లో సదరన్ రైల్వే వచ్చింది, 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. బండి మీది అక్షరాలను బట్టి ఆ రంగు ఏ కాలానిదో కొంత చెప్పవచ్చు. ఇక్కడ బయటపడ్డవి రెండు తెల్లని ఇంగ్లీషు అక్షరాలు: ఎస్, సి. సౌత్ సెంట్రల్ అన్నమాట.

నాయన వాటిని వేలితో తడిమి, “ఇవి నాకు తెలుసురా. నీ సర్టిఫికెట్ మీద ఉండేవే కదా! నిన్ను చేర్పించిన రోజు హాస్టల్ బోర్డు మీద కూడా చూసినా” అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రెండక్షరాలను ఎవరైనా చదువుతుంటే నేను తల దించుకున్న రోజులున్నాయి. ఆ రోజు మాత్రం నాయన వాటిని చదివాడు.

అక్షరాల కింద సగం చెరిగిన నంబరును నోట్సులో రాసుకున్నాను. సోమవారం నాయనే దాన్ని కోశాడు. కూలి పని, తప్పదు.

కానీ ఆ తర్వాత అంగడికి రైలు ఇనుము వస్తే కోయడానికి ముందు నాకు ఫోన్ చేస్తున్నాడు. “నడిమధ్య బఫరు లేదురా, పక్కలకే ఉండాయి” అంటాడు. కొత్తవాటి మీద 11 అంకెలుంటే, ఐదు, ఆరు అంకెలు తయారైన సంవత్సరమని చెప్పాను. అంకెలు నోట్ల లెక్కతో ఎప్పుడో వచ్చు. అక్షరాలు రాకపోతే ఆకారం చెబుతాడు: “ఒకటి పాములాగుంది, ఒకటి నెలవంక.” నేను రాసుకుంటాను. మొన్న మాత్రం ఆకారం చెప్పలేదు. “ఎస్, పక్కన ఆర్” అని చదివాడు.

తమ్ముళ్లారా, సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ పుస్తకం మీ అమ్మానాయనల ముందు కూడా తెరవండి.