దొడ్డి వైద్యం దేశం దాటితే

చీరాల పక్కన సముద్రాన్ని ఆనుకుని ఉన్న వాడరేవులోనూ, బాపట్ల, రేపల్లె, తెనాలి వరకు విస్తరించిన పల్లెల్లోనూ జలుబు, దగ్గు, అజీర్తి వంటి చిన్న నలతలకు దొడ్లోని ఆకే మొదటి మందుగా చాలాకాలం చెల్లింది. తులసి, వామాకు, బాలింత స్నానానికి కాచే నీళ్లలో వేసే వావిలాకు, కంచెలకు అల్లుకునే తిప్పతీగ ఎవరూ కొని తెచ్చేవి కావు. ఏ ఆకు ఎంత వెయ్యాలో, ఎన్నాళ్లు వాడి ఆపాలో ఇంట్లో పెద్దావిడకు తెలిసి ఉండేది కనుక ఆ వైద్యానికి పుస్తకం అవసరం రాలేదు.

అయితే ఈ పద్ధతులకు శాస్త్రంలోనూ చోటుంది. పచ్చి ఆకును దంచి పిండిన రసాన్ని స్వరసమనీ, నూరిన ముద్దను కల్కమనీ, నీటిలో మరిగించి తగ్గించిన కషాయాన్ని క్వాథమనీ, చన్నీళ్లలో రాత్రంతా నాననిచ్చి వడకట్టినదాన్ని హిమమనీ, మరిగిన నీళ్లు పోసి కాసేపు మూతపెట్టి వడకట్టినదాన్ని ఫాంటమనీ ఆయుర్వేదం విభజించి, ఈ వరుసలో ఒకదానికంటే తరువాతిది తేలికైనదని చెప్పింది. విదేశాల్లో చిన్న సంచుల్లో అమ్మే హెర్బల్ టీ ఈ చివరి రకానిదే, అంటే అన్నింటిలోకీ తేలికైనది. ఎర్రగా దిగే హైబిస్కస్ టీలో ఉన్నది ఎర్ర గోంగూర జాతి మొక్క కాయను కప్పి ఉండే కండగల రక్షక పత్రాలేనని తెలిస్తే, దాని ధర చూసిన గుంటూరు మనిషికి నవ్వు రాకమానదు.

వలస వెళ్లిన కుటుంబానికి ముందుగా దూరమయ్యేది పచ్చి ఆకు. నిమ్మజాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసే సిల్లిడ్ పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది కనుక భారతదేశం నుంచి పచ్చి కరివేపాకును సామానులో తేనివ్వని అమెరికాలో, 2005లో ఫ్లోరిడాలో బయటపడిన ఆ తెగులు నారింజ తోటలను ఎంతగా దెబ్బతీసిందో చూస్తే ఆ పట్టుదలను తప్పుపట్టలేము. ఇక తులసి, ఆరుబయట ఉంచితే తొలి మంచుకే నల్లబడిపోతుంది.

ఆ ఖాళీలోకి పొడులు, క్యాప్సూల్స్ వచ్చాయి. చిక్కు ఇక్కడే మొదలైంది. కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు 2021లో ప్రచురించగా, అదే జాతిలోని మరో మొక్కతో పొరబడి ఉండవచ్చంటూ ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణను తోసిపుచ్చింది. ఎవరి మాట నిజమైనా, తీగను చూసి గుర్తుపట్టగలిగే మనిషికి సీసాలోని పొడిని చూసి అది ఏ తీగదో చెప్పడం సాధ్యం కాదు; పైగా రెండు మూడు రోజుల కషాయంతో ఆగిపోయే అలవాటు, గాఢత పెంచిన మాత్ర చేతికందేసరికి నెలల తరబడి సాగుతుంది. రోజూ వేరే మందులు వాడేవారు ఆ సీసా సంగతి కూడా వైద్యునికి చెప్పడం తప్పనిసరి.

ఈ దృష్టితో చూస్తే చలి దేశాల్లో పెంచుకోదగినది వామాకు. దళసరిగా, నూగుతో ఉండే ఈ ఆకుకు వాముతో చుట్టరికమేమీ లేదు. కార్వాక్రాల్, థైమాల్ అనే సుగంధ పదార్థాల వల్ల ఆ వాసన వస్తుంది. చిన్న కొమ్మ తుంచి గుచ్చితే వేరు పట్టే ఈ మొక్క, చలికాలంలో కుండీని ఎండ తగిలే కిటికీ దగ్గరికి చేరిస్తే నిలుస్తుంది. ఆకును సెగపై వాడ్చి, రసం పిండి తేనెతో నాకించడం ఆంధ్ర పద్ధతి కాగా, వియత్నామీయులు పిల్లల దగ్గుకు ఇదే ఆకును చిన్న నారింజలతో, కలకండతో కలిపి ఆవిరి మీద ఉడికిస్తారు; అందువల్ల భారతీయ దుకాణంలో దొరకని కొమ్మ కోసం వియత్నామీయుల కూరగాయల అంగడిలో వెతకవచ్చు.