డిసెంబర్ చివర్లో దారితప్పే సంవత్సరం

ఐఎస్‌ఓ 8601 లెక్కలో వారం సోమవారంతో మొదలవుతుంది. ఏడాదిలోని మొదటి గురువారం ఏ వారంలో పడితే అదే ఒకటో వారం. వారాన్ని రెండు ముక్కలు చేయరు కాబట్టి వారాల సంవత్సరానికీ గోడ క్యాలెండర్‌కీ అంచుల్లో పొత్తు కుదరదు. 2024 డిసెంబర్ 30 సోమవారం. వారాల లెక్కలో అది 2025 ఒకటో వారం. 2021 జనవరి 1 మాత్రం 2020లోని 53వ వారానికి చెందుతుంది.

జావా తేదీ ఫార్మాట్‌లో చిన్న వై మామూలు సంవత్సరం, పెద్ద వై వారాల సంవత్సరం. నాలుగు పెద్ద వైలు రాసి పక్కన నెల, రోజు పెడితే, ఆ డిసెంబర్ 30 కాస్తా 2025 డిసెంబర్ 30గా అచ్చవుతుంది. ఏకంగా ఏడాది ముందుకు! జూన్‌లో ఎన్ని టెస్టులు నడిపినా ఇది దొరకదు. పైగా లొకేల్ పేచీ ఒకటి: అమెరికా పద్ధతిలో వారం ఆదివారం మొదలవుతుంది, జనవరి 1 ఉన్నదే ఒకటో వారం. అక్కడ డిసెంబర్ 29కే 2025 వచ్చేస్తుంది.

పైథాన్‌లో శాతం గుర్తు పక్కన పెద్ద జీ వారాల సంవత్సరం, పెద్ద వీ వారం సంఖ్య. రెండూ జంటగానే వాడాలి. వీ పక్కన మామూలు సంవత్సరం పెడితే, డిసెంబర్ 30 అమ్మకాలు వెళ్లి 2024 జనవరి మొదటి వారంలో కలిసిపోతాయి. ఐఎస్‌ఓ తేడాలన్నీ డిసెంబర్ 29, జనవరి 3 మధ్యే పడతాయి; అమెరికా పద్ధతికి డిసెంబర్ 26 నుంచి 31 వరకు పరీక్షించాలి.