ముందు నాది చూసుకోనీ

కుడికంటికి శుక్లం ఆపరేషనయి పట్టీ విప్పిన వారానికి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. "కన్ను బాగయింది గదా అమ్మీ, ఒక సిన్మా చూపీ" అంది.

ఆమెకి అప్పటికి డెబ్బై రెండేళ్లు. ఉండేది నంబులపూలకుంట దగ్గర పల్లెలో. ఒకప్పటి అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఎడమకన్ను గ్లాకోమాతో ఎప్పుడో పోయింది. కుడికంటికీ అదే మొదలయిందనీ, రోజూ చుక్కల మందు వేసుకుంటూ ఉన్న చూపును నిలుపుకోవాలనీ డాక్టరు చెప్పి పంపించారు. ఆ సంగతి ఆమెకి తెలుసు, నాకూ తెలుసు. ఫోన్లో ఇద్దరం దాని ఊసెత్తలేదు.

"ఏ సినిమా చూస్తావు?" అన్నాను.

"నాకేం తెలుసు? సదువుకున్నదానివి, నువ్వు జెప్పాల. మొదటిది గదా, మంచిది పెట్టు."

డెబ్బై రెండేళ్ల మనిషి ఒక్క సినిమా కూడా పూర్తిగా చూడలేదంటే మా కాలేజీ అమ్మాయిలు నమ్మలేదు. నమ్మించటానికి నాకూ కొంత కష్టమే అయింది. పెద్దమ్మ పుట్టింటి ఊళ్లో టాకీసు లేదు. పదమూడేళ్లకి పెళ్లయింది. శెనక్కాయలు అమ్మినాక కదిరికి పిలుచుకొనిపోయి సినిమా చూపిస్తానని పెదనాన్న ఏటా అనేవాడట. వాన పడితే పంట, పంట వస్తే సినిమా. ఆ సీమలో ఈ రెండూ వరసగా జరగటం అరుదు. ఆయన పోయేనాటికి ఆమెకి పంతొమ్మిది. ఆ తర్వాత సినిమాకి పోవద్దని ఆమెతో ఎవరూ అనలేదట. అనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, ఎందుకంటే ఆమె అడగలేదు. ఇంటికి టీవీ వచ్చాక దాన్ని నడవలో పెట్టారు. అక్కడ మగవాళ్లు మంచాలేసుకుని కూర్చునేవారు. వంటింటి గడపలోంచి ఆమెకి బొమ్మలో ఒక పక్క కనిపించేది. అదీ పొయ్యి మీద సంగటి కెలికే పని లేనప్పుడు.

అయితే ఆమె సినిమాలు విన్నది. ఎండాకాలంలో ఊరి బయట డేరా సినిమా దిగేది. ఘంటసాల భక్తిపాట వేశారంటే కాసేపట్లో ఆట మొదలవుతుందని చుట్టుపక్కల పల్లెలన్నిటికీ తెలిసిపోయేది. నేల టిక్కెట్టు, బెంచీ టిక్కెట్టు, ఆడవాళ్లకు వేరుగా ఒక పక్క. ప్రొజెక్టరు ఒకటే కాబట్టి రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది. పెద్దమ్మ రాత్రి మట్టిమిద్దె ఎక్కి పడుకునేది. రెండో ఆట మాటలూ పాటలూ గాలికి తేలివచ్చేవి. గాలి తిరిగితే కథ పోయేది. మళ్లీ తిరిగితే ఎవరో ఏడుస్తూ ఉండేవారు. ఎందుకేడుస్తున్నారో ఆమే కల్పించుకునేది. ఒకే సినిమా మూడు నాలుగు రాత్రులు ఆడేది కాబట్టి రాత్రికొక ముక్క దొరికేది.

ఈ విషయం ఆమె నాకు ముందే చెప్పి ఉంటే నేను వేరే సినిమాలు ఎంచుకునేదాన్నేమో. కానీ నేను అడగలేదు. నా జాబితా నేను రాసుకున్నాను.

నేను ఇంగ్లీషు పాఠాలు చెప్తాను. పదిహేనేళ్లుగా సినిమా పేపరు కూడా చెప్తున్నాను. అందులో మొదటి పాఠం లారా మల్వీ 1975లో రాసిన వ్యాసం. తెర మీద స్త్రీ మగచూపు కోసమే అమర్చబడి ఉంటుందనీ, ప్రేక్షకులు పొందే ఆనందం ఆ అమరికలోనే ఉందనీ, కాబట్టి ఆ ఆనందాన్ని విప్పి చూపించి చెరిపేయటమే తన ఉద్దేశమనీ ఆమె దాపరికం లేకుండా రాసింది. నేను ఆ వ్యాసంతోనే కళ్లు తెరిచినదాన్ని. ఏటా పద్దెనిమిదేళ్ల పిల్లలకి మీకు నచ్చిన పాట తెచ్చి చూపించండి అని చెప్పి, ఆ పాట మళ్లీ వాళ్లకి నచ్చకుండా చేసి పంపిస్తాను. ఇదొక పని అనే నమ్ముతాను ఇప్పటికీ. కానీ చెరపటానికి ముందు ఆనందమంటూ ఒకటి ఉండాలి కదా అని, పెద్దమ్మ ఫోన్ పెట్టేసేదాకా నాకు తట్టలేదు. ఆ తర్వాత కూడా పూర్తిగా తట్టలేదని నేను రాసుకున్న జాబితా చూస్తే తెలుస్తుంది.

మొదటి పేరు 'దాసి'. బి. నర్సింగరావు 1988లో తీసిన సినిమా. అర్చనకి జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చిన పాత్ర. గడీలో దొరసాని కట్నంతో పాటు వచ్చిన దాసి కమలాక్షి కథ. స్త్రీ శ్రమని ఇంత నిదానంగా, ఇంత నిజాయితీగా చూపించిన తెలుగు సినిమా నేను ఇంకోటి చూడలేదు. ప్రొజెక్టరు, స్పీకరు సంచిలో పెట్టుకుని కదిరి బస్సెక్కాను. వరండా గోడకి తెల్లపంచె కట్టాను. పెద్దమ్మ తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, పళ్లెంలో బొరుగులు పెట్టుకుని కూర్చుంది. అదంతా చూసినా నాకు అర్థం కాలేదు.

ఇరవై నిమిషాలు ఆమె మాట్లాడలేదు. కమలాక్షి ఊడ్చింది, నీళ్లు పోసింది, కాళ్లు పట్టింది. "ఈ పిల్ల ఎప్పుడు కూర్చుంటాది?" అంది పెద్దమ్మ. నేను జవాబు చెప్పలేదు. ఇంకాసేపటికి, "ఆపు అమ్మీ" అంది. "ఇది చూడనీకి కన్ను కోయించుకోవాల్నా? ఇది నాకు కండ్లు మూసుకున్నా కనపడతాది."

నేను చెప్పబోయాను, ఇది మన కథే పెద్దమ్మా, మన కథ తెర మీదికి రావటమే పెద్ద సంగతి, అని. ఆమె బొరుగుల పళ్లెం లోపల పెట్టేసి వచ్చి పడుకుంది. నా జాబితాలో రెండో పేరు 'పథేర్ పాంచాలి'. అందులో ముసలి మేనత్త సంగతి గుర్తుకొచ్చి ఆ రాత్రే దాన్ని కొట్టేశాను. ఈమె తట్టుకోలేదులే అనుకున్నాను. ఆ మాట తర్వాత నాకే తగిలింది, చెప్తాను.

పొద్దున ముద్దలోకి ఊరుబిండి నూరుతూ అప్పుడు చెప్పింది, మిద్దె మీద విన్న సంగతి. "ఒకడు నవ్వుతాడు సూడు, ఊరంతా అదిరేటట్టు. వాడిది పెట్టగలవా?"

ఘటోత్కచుడు! 'మాయాబజార్', 1957. అది తీసిన కె.వి. రెడ్డిది మన తాడిపత్రే. జిల్లా వాడి సినిమా ఊరి బయట ఆడుతుంటే ఈమె మిద్దె మీదుండి విన్నది. నా దగ్గర నలుపు తెలుపుదీ, 2010లో రంగులద్దిందీ రెండూ ఉన్నాయి. నలుపు తెలుపుదే చూడాలి, మార్కస్ బార్ట్లీ వెలుగు నీడలు దాంట్లోనే ఉన్నాయి అన్నాను. పాఠం చెప్పే నోరు కదా. "రంగుది ఉంటే రంగుదే పెట్టు. ఈ కన్ను ఎన్నాళ్లు ఉంటాదో, నలుపూ తెలుపూ ఎందుకు చూడాల?" అంది. ఇంక మాట్లాడకుండా రంగుది పెట్టాను.

వెన్నెల్లో పడవ పాట వచ్చింది. బార్ట్లీ పుట్టించిన వెన్నెల అది. నేను పెద్దమ్మ మొహం చూద్దామని తిరిగాను. ఆమె కళ్లు మూసుకుని ఉంది.

"పెద్దమ్మా, చూడు! ఇదే చూడాల్సింది."

"ఉండు. ముందు నాది చూసుకోనీ."

యాభై ఏళ్లుగా ఆమె దగ్గర ఆ పాటకి ఒక బొమ్మ ఉంది. గోడ మీది బొమ్మ పడితే అది పోతుందని ఆమెకి తెలుసు. పోయే ముందు ఒకసారి చూసుకుంటోంది. సగం పాట అయ్యాక కళ్లు తెరిచింది. "నాదాంట్లో పడవ చిన్నది" అంది, అంతే.

పెళ్లి పాట దగ్గర మాత్రం ఆమె లేచి నిలబడింది. తెలిసినవాళ్లకి తెలుసు. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉంటాడు. పాట సుశీల గొంతుతో సాగుతుంది, మధ్యలో ఘంటసాల గొంతు దూకుతుంది. రెండు గొంతులకీ పెదవి కదిపేది సావిత్రి ఒక్కతే. సుకుమారంగా ఒయ్యారం పోతూ ఉన్నట్టుండి ఛాతీ విరుచుకుని, తొడ చరిచేవాడిలా నిలబడుతుంది. మిద్దె మీద విన్న మనిషికి అది ఎట్లా తెలుస్తుంది? "యాభై ఏండ్లు ఇద్దరనుకుంటి గదే! మొగోడొకడు, ఆడదొకతి అనుకుంటి. ఒక్కతేనా!" అని గోడ దగ్గరికి పోయి పంచె మీద సావిత్రి మొహం తాకి చూసింది. ఆమె వీపు మీద సావిత్రి ఆడుతోంది.

పీటల మీద లక్ష్మణకుమారుడి కాలిని ఆ మాయ శశిరేఖ తొక్కే చోట పెద్దమ్మ నవ్వు విని పక్కింటివాళ్లు వచ్చారు. ఆ ముక్క నాలుగుసార్లు వెనక్కి తిప్పి వేశాను. మా అమ్మకి తప్ప, పెద్దమ్మ అట్లా నవ్వగలదని ఎవరికీ తెలియదు. అమ్మ కూడా చిన్నప్పటిదే చెప్పేది.

నేను ఈ సినిమాని క్లాసులో చెప్పాను. పెళ్లి కోసం బేరసారాలు, ఆస్తి పోగానే తెగిన సంబంధం, వీటి గురించి చెప్పాను. ఆడపిల్ల ఒంట్లో మగవాడి నడక కూర్చున్నప్పుడు నడక అనేది ఎవరిదీ కాదని తేలిపోవటం గురించి నేనెప్పుడూ చెప్పలేదు. జుడిత్ బట్లర్‌ని అదే సెమిస్టర్‌లో చెప్తూ కూడా.

ప్రియదర్శిని పెట్టె గురించి మర్నాడు మాట్లాడింది. తెరిచి చూస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనపడే పెట్టె. బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు, శశిరేఖకి అభిమన్యుడు కనపడతారు. "నేను తెరిస్తే ఎవరు కనపడతారంటావు?" అంది. నేను ఇబ్బందిపడ్డాను. "మీ పెదనాన్న మొగం నాకు గ్యాపకం లేదు. ఫోటో గూడా ల్యా. కనపడినా ఎవరో అనుకుంటా" అని, ఒక్క క్షణమాగి, "శెనక్కాయల కుప్ప కనపడతాదిలే" అని నవ్వేసింది.

ఆ తర్వాత నేను జాబితా రాయటం మానేశాను. నెలకోసారి పోతాను. ఏది కావాలో ఆమె చెప్తుంది, లేదా "నీకిష్టమైంది తే, నచ్చకుంటే చెప్తా" అంటుంది. 'మల్లీశ్వరి' చూశాం. తీసిన బి.ఎన్. రెడ్డిది కదిరికి పక్కనున్న పులివెందుల ప్రాంతమే. పల్లకీ వచ్చి మల్లిని తీసుకుపోతుంటే పెద్దమ్మ, "ఎవురన్నా ఆ పిల్లను అడిగిరా?" అని గోడని నిలదీసింది. 'గుండమ్మ కథ' ఆమెకి అంత నచ్చలేదు. సూర్యకాంతాన్ని అందరూ చేరి ఓడించటమేందని కోపం.

ఒకసారి నాకిష్టమైంది తీసుకుపోయాను, భయపడుతూనే. ఇరాన్ దర్శకురాలు మర్జియే మెష్కినీ 2000లో తీసిన 'నేను స్త్రీనైన రోజు'. పారశీకం ఆమెకి రాదు, ఇంగ్లీషు అక్షరాలు చదవలేదు. నేను పక్కన కూర్చుని చెప్తూ పోయాను. తొమ్మిదేళ్లు నిండే రోజు హవా అనే పిల్లకి మధ్యాహ్నం దాకా ఆడుకోవచ్చని గడువిస్తారు. ఇసుకలో పుల్ల గుచ్చి నీడ పొట్టిదవుతుంటే చూసుకుంటూ ఉంటుంది. చివరి కథలో హూరా అనే ముసలావిడ, జీవితమంతా కొనుక్కోలేనివన్నీ ఒక్కరోజులో కొనటానికి కీష్ దీవికి వస్తుంది. ఏమేం కొనాలో మర్చిపోకుండా వేళ్లకి దారాలు కట్టుకుని ఉంటుంది. కొన్నదానికల్లా ఒక దారం విప్పుతుంది. ఒక్క దారం మిగిలిపోతుంది. అది దేనికోసం కట్టుకుందో ఆమెకి గుర్తు రాదు.

పెద్దమ్మ అప్పుడేమీ అనలేదు. మర్నాడు పొద్దున చూస్తే ఆమె చూపుడువేలికి నూలుపోగు కట్టి ఉంది. నా గొంతు పట్టేసింది. ఏం మర్చిపోయావు పెద్దమ్మా అని మెల్లగా అడిగాను. "కంటిమందు. నిన్న వేసుకోల్యా. ఆ ముసలామెది మంచి ఉపాయం" అంది.

సావిత్రి అంటే ఆమెకి పిచ్చి పట్టుకుంది. "ఆ పిల్ల ఇంకేం జేసింది?" అని అడిగితే, సినిమాలు కూడా తీసిందని చెప్పాను. 1968లో 'చిన్నారి పాపలు' తీసినప్పుడు సంగీతం పి. లీలకి అప్పగించిందనీ, ముఖ్యమైన పనులన్నీ ఆడవాళ్లే చేశారనీ చెప్పాను. "అది తే" అంది. వెతికాను, నాకు దొరకలేదు. "ఆడోళ్లంతా చేరి చేసింది ఎట్ల పోతాది?" అంది. నా దగ్గర జవాబు లేదు. సావిత్రి చివరిరోజుల గురించి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. 2018లో వచ్చిన 'మహానటి' నా దగ్గరుంది. సంచిలో పెట్టుకుని రెండుసార్లు పోయి, తీయకుండానే తిరిగొచ్చాను.

పోయిన నెల ఆమె మొహం ముడుచుకుని ఉంది. పక్కింటి మనవరాలు ఫోన్లో 'మహానటి' పెట్టిందట, రెండు రోజులు కూర్చుని చూసిందట.

"నాకెందుకు చెప్పల్యా?"

"బాధపడతావని."

"కదిరికి పోతే బాధపడతానని ఒకరు, టెంటుకు పోతే ఊరు ఏమంటాదో అని ఒకరు. నువ్వు గూడానా అమ్మీ?"

చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. ఆమే కాసిన్ని బొరుగులు నా ముందుకు తోసి, "ఆ గడీ సిన్మా ఉందే, అప్పుడు ఆపమంటిని గదా, అది తెచ్చినావా?" అంది.

"అది కూడా బాధే పెద్దమ్మా."

"తెలుసులే. ఆ పిల్ల కూర్చునిందో లేదో చూడాల గదా."

ఈ ఆదివారం పోతున్నాను. ముందు పెళ్లి పాట వేయాలట, తర్వాత 'దాసి'.