రంగు పూసిన కుండలు

ఎండాకాలం మొదలైందంటే జూలూరుపాడులో కొత్తగూడెం రోడ్డు పక్కన కుండలు దిగుతాయి. ఈ ఏడు దిగినవాటిని చూస్తే కడుపు మండింది. ఒక్కదానికీ మట్టి రంగు లేదు. నిగనిగలాడే ఎర్ర పెయింటు, దాని మీద పసుపు పూలు, పొట్టకు ప్లాస్టిక్ కుళాయి. ఉత్త మట్టిది లేదా అని అడిగితే, "రంగుంటేనే బండి ఆపుతుండ్రు సారూ" అంది అమ్మే ఆమె. ఆమెనేమనగలం? కొనేది మనమే కదా.

కుండ పనంతా దాని ఒంటి మీదే జరుగుతుంది. లోపలి నీరు సన్నటి రంధ్రాల్లోంచి ఊరి బయటికొచ్చి, గాలికి ఆవిరైపోతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. లెక్కకైతే పది లీటర్ల నీళ్ళు పది డిగ్రీలు చల్లబడడానికి పావు లీటరు ఆవిరైనా ఎక్కువే. పెయింటు పూస్తే ఆ రంధ్రాలన్నీ మూసుకుపోతాయి. మన వడగాలిలో తేమ ఉండదు కనుక ఇక్కడ కుండ చల్లబరిచినంతగా సముద్రం ఒడ్డున చల్లబరచలేదు. అంత మంచి వరాన్ని చేతులారా పోగొట్టుకుంటున్నాం.

చైనాలో ఈషింగ్ అనే ఊళ్ళో టీ కూజాలు చేస్తారు. వాటికీ పూత ఉండదు. సబ్బు తగలనివ్వరు, మట్టి వాసన పీల్చుకుంటుందని. వాటిని సారె మీద తిప్పరు. మట్టిని చెక్కతో కొట్టి పలకలు చేసి అతుకుతారు. చెన్ మాన్‌షెంగ్ (1768–1822) అనే అధికారి స్వయంగా ఆకారాలు గీసిస్తే యాంగ్ పెంగ్నియన్ అనే కుమ్మరి వాటిని చేసేవాడు. బావి గట్టు ఆకారానికొక పేరు, పూర్వకాలపు అందగత్తె షీశీ పేరు మీద ఇంకొకటి. అక్కడివాళ్ళు ఆకారాన్ని చూసి పేరు చెప్పేస్తారట.

మనకు మాత్రం తక్కువా? కడవ అంచు బయటికి తిరిగి ఉంటుంది, చంకన పెట్టుకుంటే చెయ్యి పట్టు దొరకాలని. కల్లు లొట్టి మెడ సన్నం, తాడు జారకుండా. కూజాకు పొడుగు మెడ, ముంత ముంచకుండా వంచుకుని పోసుకోవడానికి. సారె మీద అంచూ మెడా వస్తాయి. పొట్ట ఆ తర్వాత వస్తుంది. మట్టి కాస్త ఆరాక లోపల రాయి అదిమిపట్టి, బయట చెక్కతో కొడుతూ కొడుతూ పలచగా, గుండ్రంగా సాగదీస్తాడు కుమ్మరి. ఆ గుండ్రటి అడుగు కుదురు మీద ఎంత నిబ్బరంగా కూర్చుంటుందో! కుళాయి కోసం దాన్నీ బల్లపరుపు చేసేశారు.

ఇక అటిక. మా అమ్మమ్మ కొత్త అటికను గంజి పోసి కాచిగానీ వంటకు తీసేది కాదు. ఆ గంజితో రంధ్రాలు పూడి పులుసు ఊరిపోకుండా ఉండేది. కొరమీను దొరికిన రోజు చింతపులుసు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, పైన మెంతిపొడి. మూడు రాళ్ళ పొయ్యి మీద, మంట తగ్గించి, గరిటె పెట్టకుండా అటికనే అంచులు పట్టి తిప్పేది, ముక్క విరగకూడదని. మట్టి వేడిని అంత తొందరగా వదలదు, దించాక కూడా పులుసు కుతకుతలాడేది. రాత్రి ఉట్టి మీద పెట్టి, తెల్లారి సద్దన్నంలోకి వేసేది. ఆ తెల్లారి రుచి ఏ స్టీలు గిన్నెలోనూ నాకు దొరకలేదు.

కుండ కొనేముందు అమ్మమ్మ వేలి కణుపుతో కొట్టి వినేది. ఖంగుమంటేనే తీసుకునేది, మొద్దుగా పలికితే ఎక్కడో సన్నటి పగులుందనేది. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కుమ్మరి గుండయ్య తను చేసిన కుండలనే వాయిస్తూ ఆడితే శివుడొచ్చి తనూ ఆడాడు. అవి ఎలాంటి కుండలై ఉంటాయా అని ఎప్పుడూ అనుకుంటాను. పొట్ట పెద్దది, నోరు చిన్నది, కడవలే అయి ఉండాలి. అటికకు నోరు మరీ వెడల్పు, నాదం నిలవదు. కచేరీల్లో ఘటం వాయించేవాళ్ళూ ఆ చిన్న నోటినే పొట్టకు ఆనించుకుంటారు.