బీజింగ్ నుంచి ఉరుంచీకి ఒక విమానం

మొన్నటి మాక్ టెస్టులో వచ్చిన ప్రశ్న ఇది. బీజింగ్‌లో ఉదయం 8 గంటలకు బయల్దేరిన విమానం నాలుగు గంటల్లో ఉరుంచీ చేరితే, అక్కడి గడియారంలో టైమెంత?

చూడగానే సంబరపడ్డాను. బీజింగ్ 116.4 డిగ్రీల తూర్పు రేఖాంశం, ఉరుంచీ 87.6. తేడా 28.8 డిగ్రీలు. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున గంటా యాభై ఐదు నిమిషాలు. పన్నెండులోంచి తీసేస్తే 10.05. ఆప్షన్లలో ఉంది కూడా! పెట్టేశాను.

జవాబు 12 గంటలు. 1949 తర్వాత చైనా అంతటికీ ఒకటే అధికారిక సమయం. నాకిది తెలియక కాదు, నోట్సులో రాసుకున్నాను కూడా. లెక్క వచ్చన్న ఉత్సాహంలో గుర్తు రాలేదు, అంతే. రావాల్సిన రెండు మార్కులు పోగా, నెగెటివ్‌లో 0.66 పోయింది. కిందటేడు ప్రిలిమ్స్ రెండు మార్కుల లోపే పోగొట్టుకున్నవాణ్ణి కాబట్టి ఆ రాత్రి అన్నం సహించలేదు.

మా రూమ్మేటుది ఎగువ అస్సాం, తేయాకు తోటల ఊరు. అతను ఒక్క క్షణం కూడా తడుముకోకుండా సరిగ్గా పెట్టాడట. వాళ్ళ తోటల్లో మన ప్రామాణిక కాలం కన్నా గంట ముందుండే ‘బాగాన్ టైమ్’ నడుస్తుంది. సూర్యుడొకటి, గడియారమొకటి చెప్పడం వాళ్ళకి చిన్నప్పటి నుంచీ అలవాటే. నాది కాకినాడ దగ్గరి పల్లె. 82.5 డిగ్రీల రేఖ మన పక్కనుంచే పోతుందని మాస్టారు చెబితే గర్వపడ్డామే తప్ప, గడియారం ఎండతో కలవని ఊళ్ళు ఉంటాయన్న ఆలోచనే రాలేదు.

తర్వాత కూర్చుని అట్లాసు తీశాను. రెండు నగరాల మధ్య నేరుగా కొలిస్తే సుమారు 2,400 కిలోమీటర్లు. జెట్ వేగానికి మూడు గంటలు చాలాలి కదా, నాలుగెందుకు? టేకాఫ్, ల్యాండింగు, రన్‌వే దాకా నడక కొంత తింటాయి. మిగిలింది పడమటి గాలుల పని. పైన వీచే జెట్ స్ట్రీమ్‌కు ఎదురు వెళ్ళాలి. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి అరగంట దాకా కలిసొస్తుంది. జీఎస్ పేపర్-1లో జెట్ స్ట్రీమ్ గురించి రాసేటప్పుడు రుతుపవనాలతోనే ఆపేయకండి, ఈ ఉదాహరణ ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది. నేరుగా వెళ్ళే రైలుకైతే ముప్పై గంటల పైమాటే.

దిగాక సంగతి ఇంకా చిత్రం. డిసెంబరులో ఉరుంచీలో తొమ్మిది దాటితేగాని సూర్యుడు రాడు. అందుకే షింజియాంగ్‌లో చాలామంది, ముఖ్యంగా వీగర్లు, బీజింగ్ కన్నా రెండు గంటలు వెనకుండే స్థానిక సమయం వాడతారు. ‘రేపు పదింటికి కలుద్దాం’ అంటే ఏ పది అని అడగాల్సిందే. ఒకే గడియారం దేశాన్ని కలుపుతుందా అన్నది ఎస్సేకి మంచి అంశమే. కానీ వీగర్ల ఇళ్ళల్లో అది ఎవరి టైము ఒప్పుకుంటున్నామన్న ప్రశ్న కూడా.

ఇంకా పడమరకు జరిగితే కాష్గర్. దాదాపు మన ఢిల్లీ రేఖాంశమే. మా గది కిటికీలో సూర్యుడు నడినెత్తికొచ్చేసరికి ఇక్కడ పన్నెండుంపావు దాటుతుంది. అక్కడి అధికారిక గడియారంలో అప్పటికి మూడు కావస్తుంటుంది.